పదహారణాలు నూరు పైసలైన సంవత్సరము

ప్రభవ మొదలు అక్షయ వరకు అరువది సంవత్సరములకు మన పెద్దలు పేర్లు పెట్టినారు. అరువది ఏండ్లకు ఒకమారు పేరు తిరిగి వచ్చును. సంవత్సరము మాత్రము తిరిగి రాదు. 2017లో హేవిళంబి ఉగాదినాడు పంచాంగ శ్రవణము చేసినవారిలో, దానికి మునుపటి హేవిళంబిని కన్నులార చూచినవారు ఎందరుండిరో ఎవరును లెక్కించి ఉండరు. ఆ మునుపటి హేవిళంబి 1957 ఏప్రిల్ 1వ తేదీన, సోమవారమునాడు ప్రవేశించినది. సరిగా ఆ దినముననే మన దేశమున కొత్త నాణెములు చెలామణికి వచ్చినవి. ఉగాది పచ్చడియు నయాపైసయు ఒకే ఉదయమున తెలుగువారి వాకిట నిలిచినవి.

“1957లో ఏమి జరిగినది?” అని తరగతిలో అడిగినచో చురుకైన విద్యార్థి వెంటనే లేచి, “స్పుత్నిక్ ఎగిరినది” అని చెప్పును. ఉపాధ్యాయుడు సంతోషించి కూర్చుండుమనును. ప్రశ్నకు జవాబు వచ్చినది, మార్కు పడినది. కాని మూడువందల అరువదియైదు దినములు గల ఒక సంవత్సరము ఆ ఒక్క వాక్యముతో ముగిసినదా? ఆ యేట జీవించిన కోట్లమంది తెలుగువారు ఆ యేడంతయు ఆకాశమువైపే చూచుచు కూర్చున్నారా? ఈ ప్రశ్న వేసికొనుటకు ఇదియే తగిన కాలము. ఆనాడు పదేండ్ల వయస్సున్న పిల్లలు నేడు ఎనుబదికి చేరువైన వృద్ధులు. వారు మన నడుమ ఉండగనే ఆ యేటిని గురించి మనము అడిగి తెలిసికొనవలసినది చాల ఉన్నది.

మొదట పెద్ద సంగతులను స్మరింతము. అది వలసరాజ్యములు సడలుచున్న కాలము. మార్చి 6న ఆఫ్రికాలోని గోల్డ్ కోస్టు, ఘానా అను పేరుతో స్వతంత్రమైనది. క్వామే ఎన్‌క్రుమా ఆ దేశ నాయకుడు. ఆ ఉత్సవమునకు అమెరికానుండి వెళ్ళినవారిలో మార్టిన్ లూథర్ కింగ్ అను యువ మతబోధకుడు ఒకడు. ఆగస్టు 31న మలయా స్వతంత్రమైనది. ఆ వార్త మనకు మరింత దగ్గరిది; ఉత్తరాంధ్రమునుండి వలసపోయి అచ్చటి తోటలలో చెమటోడ్చిన తెలుగు కుటుంబములు ఎన్నో ఆ దినమున ఒక కొత్త దేశపు గడ్డమీద నిలిచి ఉండినవి. ఐరోపాలో మార్చి 25న ఆరు దేశములు రోమునగరమున ఒడంబడిక చేసికొన్నవి. నేటి ఐరోపా సమాఖ్యకు అది పునాది.

ఉపాధ్యాయులును విద్యార్థులును ప్రత్యేకముగా జ్ఞాపకముంచుకొనవలసినది సెప్టెంబరు నెలలో అమెరికాలోని లిటిల్ రాక్ పట్టణమున జరిగిన సంగతి. నల్లజాతి పిల్లలను వేరు బడులలో ఉంచుట రాజ్యాంగ విరుద్ధమని ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము 1954లోనే తీర్పు చెప్పినది. ఆ తీర్పును అనుసరించి తొమ్మిదిమంది నల్లజాతి విద్యార్థులు సెంట్రల్ హైస్కూలుకు బయలుదేరగా, ఆ రాష్ట్ర గవర్నరు రాష్ట్ర సైనికులను నిలిపి వారిని అడ్డగించినాడు. తుదకు అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ కేంద్ర సైన్యమును పంపవలసివచ్చినది. సెప్టెంబరు 25న ఆ తొమ్మిదిమంది సైనికుల రక్షణలో బడిమెట్లు ఎక్కినారు. చదువుకొనుటకు చేతిలో పలకయు పుస్తకమును చాలునని మనము అనుకొందుము. కొందరికి తుపాకుల కాపలా కూడ కావలసివచ్చినది. వారిలో ఎర్నెస్ట్ గ్రీన్ అను విద్యార్థి మరుసటి మే నెలలో ఆ బడినుండి ఉత్తీర్ణుడై వెలువడినాడు.

ఇక అక్టోబరు 4. సోవియట్ యూనియన్ ఒక లోహపు బంతిని ఆకాశమునకు పంపినది. దాని వ్యాసము 58 సెంటీమీటర్లు, బరువు సుమారు 84 కిలోగ్రాములు. అది 96 నిమిషములకు ఒకమారు భూమిని చుట్టుచు, మూడు వారములపాటు రేడియోలలో ‘బీప్, బీప్’ అని పలికినది. మానవుడు చేసిన వస్తువు భూమికి ఉపగ్రహమగుట అదియే మొదలు. దాని ఫలితము బడుల వరకు దిగివచ్చినది. తాము వెనుకబడితిమని బెదరిన అమెరికా 1958లో ఒక విద్యాచట్టమును చేసి, గణితమునకు, విజ్ఞానమునకు, పరభాషలకు ధనము కేటాయించినది. అచ్చటి విశ్వవిద్యాలయములలో హిందీ, తమిళము, తెలుగు వంటి మన భాషల బోధనకు ఆ చట్టపు నిధులు తోడ్పడినవి. రష్యావారి ఉపగ్రహము అమెరికాలో తెలుగు ఓనమాలు దిద్దించినదని చెప్పుట హాస్యమువలె తోచినను, అందులో సత్యము లేకపోలేదు.

మన యింటి సంగతులు చూతము. 1956 నవంబరు 1న అవతరించిన ఆంధ్రప్రదేశమునకు 1957 మొదటి నిండు సంవత్సరము. నీలం సంజీవరెడ్డిగారు ముఖ్యమంత్రి. మార్చి 22న శకవర్షమును అనుసరించు జాతీయ పంచాంగము అమలులోనికి వచ్చినది. అయినను మన పెండ్లిండ్లకు, పండుగలకు పాత పంచాంగమే నిలిచినది. మార్చి 27న ‘మాయాబజార్’ విడుదలైనది. మే 20న టంగుటూరి ప్రకాశం పంతులుగారు పరమపదించినారు. ఆ యేడే డిసెంబరు 24న విజయవాడవద్ద కృష్ణపై కొత్త బ్యారేజీ ప్రారంభమైనది. 1855లో పూర్తియైన పాత ఆనకట్టకు 1952లో గండిపడగా, దానికి బదులుగా నిర్మించిన ఆ కట్టడమునకు ప్రకాశంగారి పేరు పెట్టినారు. ఇవన్నియు గ్రంథములలో ఉన్నవి, వెదకినవారికి దొరకును.

గ్రంథములలో లేని 1957 ఒకటి నాకు 2020లో దొరికినది. కరోనా భయమున అందరము ఇండ్లలో కూర్చున్న దినములవి. కృష్ణా డెల్టాలోని మా పాత ఇంటి అటకమీద ఒక ట్రంకుపెట్టె ఉండెడిది. దానిని దింపి చూడగా మా తాతగారి జమాఖర్చుల పుస్తకములు కనబడినవి. ఆయన ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు. ప్రతి దినపు ఖర్చును సిరాతో వ్రాసి ఉంచుట ఆయన అలవాటు. వానిలో 1957వ సంవత్సరపు పుస్తకమున మార్చి 31 వరకు మూడు గళ్ళు ఉన్నవి: రూపాయలు, అణాలు, పైలు. ఏప్రిల్ 1నుండి రెండే గళ్ళు: రూపాయలు, నయాపైసలు. ఆ రెంటికిని నడుమ ఒక పుటనిండ ఆయన స్వహస్తముతో వ్రాసికొన్న పట్టిక ఉన్నది.

ఆ పట్టికను నేటి విద్యార్థులకు కొంచెము వివరింపవలెను. పాత లెక్కలో రూపాయికి పదహారణాలు. అణాకు పన్నెండు దమ్మిడీలు. అనగా రూపాయికి నూటతొంబదిరెండు దమ్మిడీలు. రెండణాలు బేడ, నాలుగణాలు పావలా, పన్నెండణాలు ముప్పావలా. ఈ లెక్కలో సగము, పాతిక, అరపాతిక తేలికగా వచ్చును. కావుననే బజారున అక్షరము రానివారు సైతము తడుముకొనక బేరము చేసెడివారు. కొత్త లెక్కలో రూపాయికి నూరు నయాపైసలు. బడిలో కూడికలకు ఇది ఎంతయో సుఖము. చిక్కంతయు పాతదానిని కొత్తదానిలోనికి మార్చుటలోనే ఉన్నది. అణాకు సరియైన విలువ ఆరుంబావు నయాపైసలు. పావు నయాపైస అను నాణెము లేదు. అందుచే అరపైసయు అంతకు తక్కువయు ఉన్నచో వదలివేయవలెననియు, అరకు మించినచో పూర్తి పైసగా గ్రహింపవలెననియు ప్రభుత్వము నియమము చేసినది. ఆ ప్రకారము ఒక అణా 6, రెండణాలు 12, మూడణాలు 19, నాలుగణాలు 25 నయాపైసలు.

మా తాతగారి పుస్తకములో ఏప్రిల్ నెలనుండి ఒక వింత పద్దు కనబడినది. ప్రతిదినమును “పెరుగు, 6” అని ఉన్నది. ప్రతి నాలుగవ దినమున మాత్రము దానిక్రింద “పెరుగు బాకీ, 1” అని ఉన్నది. అప్పు పెట్టి కొనెడి మనిషి కాదాయన. ఈ ఒక్క నయాపైస బాకీ ఏమిటో నాకు అర్థము కాలేదు. మా నాన్నగారిని అడిగితిని. ఆ యేట ఆయనకు పదేండ్లు. పుస్తకము చేత పుచ్చుకొని చాలసేపు చూచి నవ్వినారు.

“రోజూ అణా పెరుగు పోసేదిరా ఒకామె. కొత్త డబ్బులొచ్చాక ఆరు పైసలిచ్చాం. నాలుగు రోజులకి ఆమె అరుగు మీద కుండ దించి నిలదీసింది. నాలుగణాలంటే పావలా, పావలా అంటే పాతిక అని మీరే చెబుతున్నారు. మరి నాకు ఇరవై నాలుగే ముట్టినాయి, ఆ ఒక్కటీ ఎవరు మింగారు పంతులుగారూ అని. మీ తాతగారు పట్టిక తీసి చూపించబోయి, మళ్ళీ మూసేశారు. ఆనాటి నుంచీ నాలుగో రోజున ఏడు పైసలు ఇచ్చేవారు.”

ఈ ముచ్చటను నేను పదేపదే తలచుకొనుచుందును. దశాంశ పద్ధతి మంచిది. దానిని ప్రవేశపెట్టినవారు దూరదృష్టి గలవారు. ప్రభుత్వ నియమము కూడ న్యాయమైనదే. మూడణాలకు పందొమ్మిది తీసికొన్నవాడు పావుపైస లాభపడెను గదా! కాని ప్రతిదినమును ఒక్క అణా సరకు మాత్రమే అమ్ముకొను మనిషికి ఆ సర్దుబాటు ఎన్నడును అనుకూలముగా తిరుగదు. ఎప్పుడును పోవునది ఆమె పావే. లక్షలమందికి సరిపోవు లెక్క ఒక గడపవద్ద సరిపోలేదు. బడిలో లెక్కలు చెప్పు ఉపాధ్యాయుడు ఆ సంగతిని చదువురాని ఆమె నోటివలన నేర్చుకొన్నాడు. ఆ యేటి నాణెముల మార్పును గురించి ఎన్నియో పుటలు చదివితిని. ఈ పావు నయాపైస వానిలో ఎచ్చటను నాకు కనబడలేదు.

తెలంగాణమున ఇట్టి చిక్కు రెండింతలై ఉండవలెను. నిజాము కాలపు హాలీ సిక్కానుండి భారత ప్రభుత్వపు రూపాయికి మారి అచ్చటివారికి అప్పటికి కొద్ది ఏండ్లే అయినది. ఒక లెక్క నోటికి అలవడునంతలో మరియొక లెక్క వచ్చినది. ఆ అనుభవము ఏ యింటి పుస్తకములలో, ఏ అవ్వల మాటలలో దాగియున్నదో వెదకవలసినవారు అచ్చటి విద్యార్థులే.

ఆ పుస్తకములో జూన్, జూలై నెలలయందు మందుల పద్దులు వరుసగా ఉన్నవి. ఇంటిలో ఒకరి తరువాత ఒకరికి జ్వరము. “బడి ఖాళీగా ఉండేది, ఒకళ్ళు లేస్తే ఒకళ్ళు పడేవాళ్ళు” అని మా నాన్నగారు చెప్పినారు. అది ఏ జ్వరమో ఆయనకు తెలియదు. ఆ కుటుంబమున ఎవరికిని తెలియదు. 1957 తొలి మాసములలో దక్షిణ చైనాలో తలయెత్తిన ఫ్లూ, హాంకాంగు, సింగపూరుల మీదుగా మే నెలలో ఓడమార్గమున మద్రాసు చేరినది. కొద్ది మాసములలో మన దేశమున నమోదైన రోగులే నలుబదినాలుగు లక్షలకు మించినారు. ప్రపంచమంతట ఆ వ్యాధికి పది లక్షలకు పైగా బలియైనారని అంచనా. మా యింటి మందుల చీటీ ఆ మహావ్యాధిలోని ఒక చిన్న పంక్తియే కావచ్చును. అరువదిమూడు ఏండ్ల తరువాత మరియొక మహావ్యాధికి వెరచి తలుపులు మూసికొని కూర్చున్నప్పుడు మాత్రమే ఆ తండ్రికొడుకులకు ఆ పంక్తి చదువ వీలైనది.

అక్టోబరు 6వ తేదీ ఆదివారపు పద్దులో “వార్తాపత్రిక” అని ఉన్నది. ఆ యేడంతటికిని పత్రిక కొన్న పద్దు అదొక్కటే. మా తాతగారు ప్రతిదినమును గ్రంథాలయములోనే పత్రిక చదివెడివారు. ఆనాడు మాత్రము సొంతముగా కొని, సోమవారము బడికి తీసికొనిపోయి పిల్లలకు చదివి వినిపించినారట. ఆయినను మా నాన్నగారిని ఆ యేటినుండి మొదట జ్ఞాపకమునకు వచ్చునది ఏమని అడిగినప్పుడు ఆయన చెప్పినది స్పుత్నిక్ కాదు. బండి కట్టించుకొని పట్టణమునకు పోయి చూచిన ‘మాయాబజార్’లో ఎస్.వి. రంగారావుగారి ఘటోత్కచుడు! పెట్టె మూత తెరచిన దూరముననున్నవారు కనబడు ప్రియదర్శినిని చూచి వచ్చిన పిల్లవానికి ఆకాశమున బంతి తిరుగుట ఏమంత ఆశ్చర్యము?

అయితే ఆనాడు మా తాతగారు బడిలో చదివిన పత్రికకు కూడ తెలియని సంగతులు కొన్ని ఉండెను. ఆ ఉపగ్రహమును నిర్మించిన ప్రధాన శిల్పి సెర్గేయ్ కొరొల్యోవ్ పేరు ఆయన 1966లో మరణించువరకు లోకమునకు రహస్యము. నవంబరు 3న రెండవ ఉపగ్రహములో పంపిన లైకా అను కుక్క కొన్ని దినములు బ్రతికినదని అందరు నమ్మిరి. అధిక తాపమున కొద్ది గంటలలోనే చనిపోయినదని 2002లో వెల్లడియైనది. స్పుత్నిక్ ఎగురుటకు అయిదు దినములు ముందు, సెప్టెంబరు 29న, అదే దేశములో యురల్ పర్వత ప్రాంతమున అణువ్యర్థములు నింపిన తొట్టి ఒకటి పేలి, వేలమంది తమ గ్రామములు విడువవలసివచ్చినది. ఆ సంగతి 1976లో బయటకు పొక్కినది. ఆ ప్రభుత్వము ఒప్పుకొన్నది 1989లో. లోకమంతయు ఆకాశమును చూచి చప్పట్లు కొట్టుచుండగా నేలమీద ఆ పల్లెలు ఖాళీయగుచున్నవి.

దీనినిబట్టి ఒక విషయము తేటపడుచున్నది. ఏ సంవత్సరమును తన్ను తాను పూర్తిగా ఎరుగదు. ఆ యేటి పత్రికలకు రెండు విధములైన సంగతులు అందలేదు. ఒకటి, అధికారులు కావలెనని దాచిన సంగతి. రెండవది, ఎవరును దాచకున్నను వ్రాయదగినంత పెద్దదని ఎవరికిని తోచని సంగతి. యురల్ ప్రేలుడు మొదటిది. పెరుగు కుండ రెండవది. మొదటిదానికి దస్త్రములు ఉండును. ఆలస్యముగనైనను ఒకనాడు బీరువా తలుపు తెరచుకొనును. రెండవదానికి దస్త్రము మనిషి జ్ఞాపకమే. ఆ మనిషి పోయిననాడు ఆ తలుపు శాశ్వతముగా మూతపడును.

ఈ మాట నేను గ్రంథములు చదివి చెప్పుట లేదు. ఆ పెరుగు తెచ్చిన ఆమె పేరు పుస్తకములో లేదు. మా నాన్నగారికి తెలిసియే ఉండును. ఆనాడు అడుగుటకు నాకు తోచలేదు. తరువాత అడుగవచ్చునులే అనుకొంటిని. మరుసటి యేట ఆయన వెళ్ళిపోయినారు. ప్రపంచ సంగతులు ఏవైనను నేను నేడు ఒక గంటలో వెదకి తీయగలను. ఆ ఒక్క పేరు మాత్రము ఇక ఎచ్చటను దొరకదు.

నాణెములు పోయినను మాటలు కొన్ని నిలిచినవి. ‘నయా’ అను విశేషణమును 1964 జూన్ 1న తొలగించినారు. పావలా నాణెమును, అంతకు చిన్నవానిని 2011 జూన్ 30తో ఉపసంహరించినారు. అయినను ‘పావలా వడ్డీ’ అను మాట వినబడుచునే ఉన్నది. ‘దమ్మిడీకి కొరగాడు’ అని తిట్టుచునే ఉన్నారు. ‘పదహారణాల తెలుగు’ అని మెచ్చుకొనుచునే ఉన్నాము. పదహారణాలు అనగా సంపూర్ణమని ఎందులకు అర్థమో చెప్పలేని పిల్లవాడు సైతము ఆ మాట వాడుచున్నాడు. భాష జ్ఞాపకమును కొంతకాలము మోయగలదు. కాని మాటకు వెనుకనున్న మనిషిని చెప్పవలసినది పెద్దలు, వినవలసినది పిన్నలు.

కావున ఉపాధ్యాయులకు ఒక మనవి. రానున్న సెలవులకు ఇంటిపని ఇచ్చునప్పుడు పాఠములోని ప్రశ్నలను పదిమార్లు వ్రాసికొని రమ్మనుటకు బదులు, ఒక పెద్దవారిని, ఒక సంవత్సరమును ఎంచుకొని వ్రాసికొని రమ్మనుడు. “ఆ రోజులు ఎట్లుండెడివి?” అని అడిగినచో “బాగుండేవి నాయనా” అను జవాబే వచ్చును. అట్లు అడుగరాదు. ఇంటిలో దీపము దేనితో వెలిగెడిది, నీరు ఎచ్చటనుండి వచ్చెడిది, బియ్యము మానికతో కొలిచెడివారా, వీశెతో తూచెడివారా, మొదటి కొత్త పైస ఎవరి చేతిలో చూచినారు, ఆ యేట జ్వరమున పడినవారెవరు, బడికి పోవలెనని ఉండియు పోలేకపోయినవారెవరు అని అడుగవలెను. చెప్పినవారి మాటలను వారి యాసలోనే వ్రాయవలెను, దిద్దరాదు. పిదప ఆ యేటి పత్రికలను గ్రంథాలయములో చూచి, జ్ఞాపకము ఎచ్చట పొరపడినదో, పత్రిక ఎచ్చట మౌనముగా ఉన్నదో పోల్చి చూడవలెను. చరిత్ర పాఠము అనగా ఈ పోల్చుటయే. తేదీలు దానికి మేకులవంటివి. బట్ట లేనిచో మేకులకు తగిలించునది ఏమున్నది?

విద్యార్థులారా, మీ యింట ఎనుబదేండ్ల తాతగాని, అమ్మమ్మగాని ఉన్నచో నేటి సాయంకాలమే వారివద్ద కూర్చుండుడు. 1957 కాకున్న వారికి జ్ఞాపకమున్న మరియొక సంవత్సరమును అడుగుడు. వారు చెప్పు ముచ్చటలో ఒక మనిషి వచ్చినచో ఆ మనిషి పేరును కూడ అడిగి వ్రాసికొనుడు. రేపు అడుగుదములే అని మాత్రము లేవవద్దు.